మస్కట్‌లో ఒక్క శుక్రవారం

మా మస్కట్ ప్రయాణం మూడు రోజులది. దాని గురించి మా ఇంట్లో మాట్లాడుకున్నది మాత్రం ఎండాకాలం నుంచి చలి మొదలయ్యేదాకా. విమానం ఎక్కకముందే నేను అలిసిపోయాను. ప్రయాణం ఎట్లా జరిగిందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తుకొచ్చేది సముద్రం కాదు. మా ముందుగదిలో ఆ మాటలు, ఆ అరుపులు.

అప్పుడు మేము నాచారంలో, మల్లాపూర్‌కు పోయే దారిలో ఉండేవాళ్ళం. తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులు. బందు పెడితే మా కొడుక్కి కంపెనీ లేదు, కోడలికి హబ్సిగూడలో కోచింగ్ సెంటర్ ఆఫీసు లేదు, మనవరాలికి బడి లేదు. అందరూ ఇంట్లో ఉన్నారంటే ఇక పొయ్యి ఆరదు. అట్లాంటి ఒక బందునాడు, నేను మూడోసారి చాయ పెడుతుంటే కోడలు ఈ మాట ఎత్తింది.

"అత్తమ్మా, మనం ఎప్పుడూ యాదగిరిగుట్ట, లేకుంటే పెండ్లిండ్లు. ఒక్కసారన్న పిల్లను తీసుకొని విమానంల పోదాం. మస్కట్ పోదాం. మామయ్య ఉన్న ఊరే గదా."

మామయ్య అంటే మా ఆయన. ఆయన మస్కట్‌లో పదహారేళ్ళు ఉన్నాడు. ఒక కంపెనీ క్యాంపులో, అంటే పనివాళ్ళందరినీ ఉంచే చోట, వంట చేసేవాడు. నడుము పోయాక ఇంటికి వచ్చేశాడు. వచ్చాక కూడా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. పొయ్యి దగ్గరికి ఒక్కనాడూ రాలేదు. నేనూ రమ్మనలేదు.

ఉప్పల్ చౌరస్తా దగ్గర టూర్లు వేసే ఆఫీసులు ఉన్నాయి, అందులో ఒకదాన్ని అడుగుదామని నేనే అన్నాను. కొడుకు ఒప్పుకోలేదు.

"బాపు ఉండంగ మనకు ఏజెంటు ఎందుకే అమ్మా? పదహారేండ్లు ఆడ ఉన్న మనిషి. మన టికెట్లు మనం తీసుకుందాం, మన హోటల్ మనం సూసుకుందాం. బాపు దారి చూపిస్తడు."

ఏజెంటు అనే మాట మా ఇంట్లో ఎవరికీ పడదు. టూర్లు తిప్పే ఏజెంటు వేరు, పనికి పంపే ఏజెంటు వేరు అని చెప్పినా, మా బస్తీలో ఆ మాటకు ఒకటే అర్థం, పైసలు తిని మోసం చేసేవాడని. అందుకని సొంతంగానే పోవాలని తేలింది. మా ఆయన్ను ఎవరూ అడగలేదు. గోడకు ఒరిగి కూర్చున్నాడు, కాదనలేదు, అవుననలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రోజూ రాత్రి అన్నాలు తిన్నాక ప్రశ్నలే. కోడలు ఆఫీసు కంప్యూటర్‌లో ఏవేవో చూసి కాగితాలు తీసుకొచ్చేది. అవన్నీ ఇంగ్లీషు. నాకు చదువు వచ్చిందే నలభై దాటాక, మా బస్తీ కమ్యూనిటీ హాల్లో రాత్రిబడి పెట్టినప్పుడు. తెలుగు అయితే బస్సు బోర్డు నుంచి పేపరు దాకా చదువుతాను, ఇంగ్లీషు నా వల్ల కాదు. నాకూ తెలియాలి కదా అని పోరితే, కోడలు పాత క్యాలెండర్ వెనక తెలుగులో రాసి గోడకు అంటించింది. గురువారం మధ్యాహ్నం దిగడం, సాయంత్రం సముద్రం ఒడ్డున బజారు. శుక్రవారం గడి ఖాళీ. శనివారం కారు పెట్టుకొని లోపలి ఊళ్ళో పాత కోట. ఆదివారం వాపసు.

"మామయ్యా, హోటల్ ఏ దిక్కు తీసుకుంటే మంచిది?"

"ఏమో బిడ్డా."

"ట్యాక్సీలు దొరుకుతయా, ముందే మాట్లాడుకోవాల్నా?"

"ఏమో. మేం కంపెనీ బండిల పోయెటోళ్ళం."

"పోనీ సముద్రం కాడ ఏ టైముకు పోతే బాగుంటది?"

"దూరంకెల్లి కనవడ్తది. దగ్గరికి పోలే."

కొడుక్కి చిరాకు. "ఏంది బాపూ, చెప్పబుద్ధి కాకుంటే కాదని చెప్పు. ప్రతిదానికి ఏమో ఏమో అంటవేంది?"

మా ఆయన ఏ మాటకు జవాబు చెప్పినా అది కూరగాయల గురించే. వారానికోసారి తెల్లారకముందే కంపెనీ బండిలో పెద్ద మార్కెట్‌కు పోయేవాడట. ఉల్లిగడ్డ మన దేశంది, ఆలుగడ్డ పాకిస్తాన్‌ది, టమాట ఎక్కడెక్కడిదో. ఉల్లిగడ్డను అరబ్బీలో బసల్ అంటారని మనవరాలికి చెప్పాడు. అది వారం రోజులు ఇల్లంతా "బసల్ బసల్" అని అరుచుకుంటూ తిరిగింది. కోడలికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ముగ్గురు మనుషులు నమ్ముకున్న దారి చూపించే మనిషికి ఉల్లిగడ్డ తప్ప ఏమీ తెలియదని నాకు అప్పటికే అర్థమవుతోంది, కానీ నేనూ నమ్మలేదు. నాతోనే దాచుకుంటున్నాడని అనుకున్నాను.

దానికో కారణం ఉంది. గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళకు శుక్రవారం సెలవు. నేను మందు గోళీలు ప్యాకింగు చేసే కంపెనీలో ఉన్నన్నాళ్ళు, మా బస్తీలో మొగుళ్ళు గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్ళందరికీ శుక్రవారమే ఫోన్లు. ఫోన్ ఉన్న కిరాణా కొట్టు ముందు చెప్పులు వరుసగా ఉండేవి. నాకు మాత్రం రాకపోయేది. నాది ఏ మామూలు రోజునో మధ్యాహ్నం పూట, నేను డ్యూటీలో ఉన్నప్పుడు వచ్చేది. సాయంత్రం కొట్టు ఆమె చెప్పేది, "మీ ఆయన ఫోన్ చేసిండు, లేవని చెప్పిన" అని. శుక్రవారం ఇంటికి ఫోన్ చేసే తీరిక లేనంతగా ఊరు తిరుగుతున్నాడని నేను లెక్క వేసుకున్నాను. సెలవుకు వచ్చినప్పుడు ఎత్తిపొడిచేదాన్ని కూడా. నవ్వి ఊరుకునేవాడు. ఆ ఊరు తిరిగిన శుక్రవారాలే ఇప్పుడు మాకు దారి చూపిస్తాయని మా కొడుకు నమ్మకం. ఆ మాట నా నోటినుంచే విని పెరిగాడు.

నా కోరిక వేరు. అది మొదటిరోజే చెప్పాను.

"నాకు మీ కోటలు వద్దు, బజార్లు వద్దు. ఈయన పదహారేండ్లు యాడ పండుకున్నడో ఆ రూము సూడాలె. గంతే."

మా ఆయన తల ఎత్తాడు. "ఏముంటదే ఆడ? మంచం మీద మంచం, దాని మీద ఇంకో మంచం. సూసేటిది ఏం లేదు."

"లేదని నేను సూసి చెప్త."

కొడుకు నవ్వాడు. "అమ్మా, గంత ఖర్చు పెట్టుకొని పోయి రేకుల షెడ్డు సూస్తవా? నాచారంల లెవ్వా రేకుల షెడ్లు?"

"ఉన్నయి. అండ్ల నా మొగడు పండుకోలే."

వయసులో పోయిన మనిషి నెత్తి నెరిశాక వచ్చాడు. ఆ మధ్యలోది ఎక్కడ పోయిందో ఒకసారి కళ్ళతో చూడాలనిపించడం పెద్ద విడ్డూరమేమీ కాదు. పాస్‌పోర్టు కోసం తిరిగిన తిరుగుడంతా నేను ఆ గది కోసమే తిరిగాను. సంతకం పెట్టమన్నచోట పేరు రాశాను. మొత్తం పనిలో నాకు సులువుగా అయింది అదొక్కటే.

మేము పోతున్నామన్న సంగతి బస్తీలో తెలిసింది. ఇక మొదలు. గల్ఫ్‌కు ఎవరు పోయినా ఒట్టిచేతులతో పోకూడదు. ఆ కంపెనీలో ఎవరి మనిషి ఉంటే వాళ్ళు మూట కట్టి ఇస్తారు, పోయేవాళ్ళు మోస్తారు. మా ఆయన పోయినప్పుడల్లా మోశాడు. ఆయనకు పంపాలంటే నేనూ ఎవరి చేతనో మోయించాను. అందుకే నేను ఎవర్నీ కాదనలేకపోయాను. మామిడికాయ తొక్కు, సకినాలు, మక్కపేలాల పొట్లం, నడుంనొప్పి నూనె, చింతపండు. మా ముందుగదిలో కాలు పెట్టే చోటు లేదు.

నాతో ప్యాకింగులో పనిచేసిన ఒక పిల్ల ఉండేది. పిల్ల అంటే ముప్పై దాటిన మనిషే, నాకు పిల్ల. జగిత్యాల దిక్కు వాళ్ళు. దాని మొగుడు మా ఆయన ఉన్న క్యాంపులోనే వెల్డింగ్ పనిలో ఉన్నాడు. అది తొక్కు సీసా తెచ్చి, ఇచ్చి, పోకుండా గడపలో నిలబడింది.

"అక్కా, ఒక మాట. సీసా ఇచ్చినంక మా ఆయన రూము జర సూసి రా."

"ఏం సూడాలె?"

"గాలి వస్తదా, పక్క మంచిగున్నదా, యాడ తింటున్నడు, గివి. ఏమడిగినా మంచిగున్నది మంచిగున్నది అంటడు. నిజంగ మంచిగుంటే అన్నిసార్లు ఎందుకంటడు చెప్పు?"

"సూసొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్త. మల్ల బాగలేదంటే ఏడవద్దు."

"ఏడ్వ" అంది, అప్పుడే కళ్ళు తుడుచుకుంటూ.

తర్వాత వచ్చిన ఆడవాళ్ళూ ఇంచుమించు అదే అడిగారు. తొక్కు ఒక సాకు. మోసేది నేను కాబట్టి, చూసి రావలసిందీ నేనే. సామాను బరువు చూసి కొడుకు తలకాయ పట్టుకున్నాడు.

"మనం తిరగనీకి పోతున్నమా, పార్సిల్లు ఎయ్యనీకి పోతున్నమా?"

"రెండు."

"మరి మన బట్టలు?"

"ఒంటి మీద ఏస్కో."

క్యాంపు పట్నంలో లేదు. కారులో రెండు గంటల దూరం. ఆడవాళ్ళను గేటు దాటనివ్వరు. మా ఆయన తర్వాత ఆ వంటింట్లో చేరిన మనిషి, సిరిసిల్ల దిక్కు అతను, ఇంకా అక్కడే ఉన్నాడు. మా ఆయన చేత అతనికి ఫోన్ చేయించి, పక్కనే కూర్చుని విన్నాను.

"అన్నా, మామూలు దినాలల్ల ఎవ్వరుండరు. చీకట్ల పోతే చీకట్ల వస్తరు. శుక్రవారం తీసుకురా వదినను. నువ్వు ఎంబడుంటే గేటు కాడ నేను మాట్లాడ్త. మెస్సుల కూసోవెడ్త, రూములు ఖాళీ చేయించి ఒకసారి సూపిస్త. నువ్వు లేకుంట ఆడమనిషి ఒక్కతే వస్తే మాత్రం పంపరు."

ఫోన్ పెట్టేశాక నేను లేచి పెన్ను తీసుకొని, గోడమీది క్యాలెండర్‌లో శుక్రవారం గడిలో "క్యాంపు" అని రాశాను. నా రాత పెద్దగా ఉంటుంది. గడి నిండిపోయింది.

రెండు రోజులకు కోడలు ఆఫీసు నుంచి వచ్చి ఆ గడి ముందు నిలబడింది.

"అత్తమ్మా, శుక్రవారం పడవ మాట్లాడిన. సముద్రంల డాల్ఫిన్లు చూపిస్తరు. పిల్ల దాని మీదనే పానం పెట్టుకున్నది. శనివారం అడిగితే ఖాళీ లేదన్నరు."

"నన్ను అడగకుండ ఎందుకు మాట్లాడినవ్?"

"మీరు నన్ను అడిగి రాసిన్రా?"

కోడలిది తప్పేం లేదు. అయినా అరిచాను. అదీ అరిచింది. మనవరాలు ఏడుపు అందుకుంది. మా ఆయన లేచి బయటికిపోయి మెట్టు మీద కూర్చున్నాడు. నాలుగు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు. ఇంత బాధ ఎందుకు, పోకుండా ఉంటే పోలేదా అని కూడా అనిపించింది. కానీ టికెట్లు తీసుకున్నారు, మూటలు వచ్చాయి.

ఆదివారం కొడుకు అందరినీ కూర్చోబెట్టి మధ్యేమార్గం చెప్పాడు. "పొద్దుగాల పడవ. పన్నెండు లోపల అయిపోతది. ఆడికెల్లి సీదా క్యాంపుకు పోదాం. సాయంత్రం వరకు వాపస్ వద్దాం. బాపూ, గట్ల జేద్దామా?"

మా ఆయన ఏమో అంటాడనుకున్నాం.

"శుక్రవారం నేను క్యాంపుకు రాను" అన్నాడు.

"ఎందుకు రావు?" అన్నాను.

"శుక్రవారం క్యాంపు ఎట్లుంటదో నాకు ఎర్కనే."

"ఎట్ల ఎర్క? శుక్రవారాలు ఊరు మీదనే ఉంటివి గదా!"

"ఎవలు చెప్పిన్రు?"

"ఒకలు చెప్పేదేంది? మందికందరికి శుక్రవారం ఫోన్లొచ్చేది. నాకు ఒక్కనాడన్న వచ్చెనా?"

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు, అదే నాకు ఇబ్బందిగా అనిపించింది.

"మామూలు దినాలల్ల పొద్దుగాల డబ్బాలు కట్టి పంపిస్తే మధ్యాహ్నం జర నడుం వాల్చెటోన్ని. అప్పుడే ఫోన్ జేసెటోన్ని. శుక్రవారం అందరు క్యాంపులనే ఉంటరు. మూడు పూటల వంట. మధ్యాహ్నం బిర్యానీ, అది లేకుంటే గోల. గురువారం రాత్రికే ఉల్లిగడ్డలు కోసుడు షురువయితది. వాళ్ళకు సెలవుంటేనే నాకు పని."

"మరి నీ సెలవు ఏనాడు?"

"లేకుండె. జరం వస్తే పండుకుంటుంటి."

కొడుకు తల వంచుకున్నాడు. కోడలు ఒళ్ళో ఉన్న కాగితాలు మడిచి పక్కన పెట్టింది.

"ఇన్నేండ్లల్ల చెప్పకపోతివి" అన్నాను.

"నువ్వు అడగకపోతివి. తిరుగుతున్నవ్ అంటివి, సరే తిరుగుతున్న అనుకో అనుకున్న. నీకన్న అట్ల అనిపించింది గదా అని."

పండగపూట పొయ్యి దగ్గర ఎవరుంటారో నాకు తెలియదా? పెళ్ళయిన నాటి నుంచీ ఉన్నదాన్ని నేనే. అయినా ఆయనకూ ఒక పొయ్యి ఉందని తెలిసి కూడా నాకు తట్టలేదు.

"మస్కట్ పోదాం అన్న దినంకెల్లి నేను ఒక్కటే అనుకుంటున్న" అన్నాడు మా ఆయన. పదహారేళ్ళు పోగుచేసినట్టు ఆ రోజే మాట్లాడాడు. "శుక్రవారం నాడు నేను ఆడ ఖాళీగ ఉండాలె. పడవ ఎక్కుత. మధ్యాహ్నం ఎవలన్న వండితే తింట. తిని పంట. సాయంత్రం ఒడ్డు మీద కూసుంట. అంతే. నన్ను ఎవ్వరు లేపద్దు."

"నేను లేపుత తాతా" అంది మనవరాలు.

"నువ్వు లేపు బిడ్డా. నువ్వు ఒక్కదానివే."

నేను వెంటనే ఒప్పుకోలేదు. అట్లా ఒప్పుకునే మనిషిని కాను. రాత్రంతా కోపంగానే ఉన్నాను, ఎవరి మీదనో తెలియదు. ఆయనకు ఉన్నది ఒక్క శుక్రవారం. నాకూ అదే ఒక్కటి. మళ్ళీ మస్కట్ పోయే ఓపికా, స్తోమతా మా ఇంట్లో ఎవరికీ లేవు. ఆయన లేకుండా నాకు గేటు తెరవరు. శనివారం పోతే గదుల్లో మనుషులుండరు, గదులకు తాళాలుంటాయి, తీసి చూపించేవాళ్ళు ఉండరు. ఎటు తిప్పినా ఒకరిది పోవాల్సిందే. పొద్దున లేచాక కూడా మనసు మారలేదు. కానీ ఆయన అంత వరుసగా ఏదీ అడగడం నేను ఎన్నడూ వినలేదు. పొయ్యి మీద పాలు పెట్టి ముందుగదిలోకి పోయి, "సరే తియ్యి, శుక్రవారం నువ్వే తీసుకో" అన్నాను. ఆయన తల ఊపాడు. గడిలోని నా అక్షరాలను కోడలు కొట్టేయబోతే వద్దన్నాను. పక్కన "కాదు" అని నేనే రాశాను.

మూటల సంగతి మా ఆయనే చూశాడు. కూరగాయల బండి శనివారం తెల్లారేసరికి పట్నం మార్కెట్‌కు వస్తుంది, అక్కడ అందించవచ్చన్నాడు. ఆయన చూపించగలిగిన దారి అదొక్కటే, దానికైతే ఎవరూ వంక పెట్టలేదు.

ఇక మిగిలింది నా పని. మాట ఇచ్చిన వాళ్ళ ఇళ్ళకు పోయి చెప్పాలి. మోకాళ్ళు నొస్తున్నాయి, రోడ్డంతా దుమ్ము. ఒక్కొక్క ఇల్లు చెప్పుకుంటూ పోయాను. కొందరు పోనీలే అన్నారు. ఒకామె ముఖం మాడ్చుకుంది. చివరికి జగిత్యాల పిల్ల గదికి పోయాను. డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది, కాళ్ళు కడుక్కుంటోంది.

"రూము సూస్తలేను" అన్నాను. నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు. "సీసా పోతది, నీ మొగనికి అందుతది. నేను మాత్రం క్యాంపుకు పోతలేను."

"శుక్రవారం పోతనంటివి గదా అక్కా?"

"శుక్రవారం మా ఆయనకు సెలవు. పడవ ఎక్కుతడు."

అది నా ముఖంలోకి చూసింది. లోపలికి పోయి ఇంకో చిన్న సీసా తెచ్చింది. నిమ్మకాయ తొక్కు. మూత ఊడొస్తుందేమోనని మళ్ళీ ఒకసారి బిగించి నా చేతిలో పెట్టింది.

"ఇది అన్నకు" అంది. "పడవల కడుపుల తిప్పుతదట గదా, నాలిక మీద జర పెట్టుకుంటే ఆగుతది."